కార్జపు జలగకు పేరు కుదిరిన కథ

వికారాబాదునకు చేరువనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. అది తూర్పుగా ప్రవహించి, హైదరాబాదు నగరము మీదుగా పోయి, కృష్ణలో కలియును. ఆ ప్రాంతమునకు పడమటి వాలున కురిసిన వాన వాగులుగా మారి కాగ్నా నదిని చేరి, తాండూరు మీదుగా కర్ణాటకములోని భీమానదికి పోవును. ఈ రెండు వాలుల నడుమ గల చెరువులు, కుంటలు, వాగుల ఒడ్లు, కోట్‌పల్లి వంటి జలాశయముల అంచులు పశువులకు మేతచోట్లు. తాండూరు పేరు వినగానే కందిపప్పు, నాపరాళ్లు జ్ఞప్తికి వచ్చును. అక్కడి నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చును. అట్టి మెట్టప్రాంతమున పచ్చగడ్డి చివరివరకు నిలుచునది చెరువు శిఖములోనే. నీరు వెనుకకు తగ్గినకొలది కొత్తగా మొలచు గడ్డి కొరకు గొల్లలు, కురుమలు తమ మందలను అచ్చటికే తోలుదురు. బర్రెల సంగతి చెప్పనక్కరలేదు. నీరున్న చోటు విడిచి అవి రావు.

ఆ పచ్చికలోనే ఒక శత్రువు పొంచియుండును. చలికాలము గడచు తరుణమున మందలో కొన్ని గొర్రెలు వెనుకబడును. కంటిరెప్ప తిరగవేసి చూచినచో ఎరుపు కనబడదు. దవడ క్రింద నీరు దిగి చిన్న సంచివలె వ్రేలాడును. దినమంతయు తల వంచి మేసి ఇంటికి వచ్చునప్పటికి ఆ వాపు మరింత పెరుగును. ఉన్ని పట్టి లాగినచో చేతిలోనికి ఊడివచ్చును. బర్రె అయినచో సాధారణముగా చావదు గాని, పాలు తగ్గి చిక్కిపోవును. పొట్టలో రక్తము పీల్చు ఇతర పురుగుల వలన కూడ దవడ వాపు కలుగును గనుక, కంటితో చూచి రోగమును తేల్చుట కష్టము. కటికవాని కత్తి ఈ సందేహమును తీర్చును. రోగము ముదిరిన పశువు కార్జమును కోయునపుడు ఇసుకను కోసినట్లు గరగరమను చప్పుడు వచ్చును. పిత్తనాళములు గట్టిపడి గొట్టములవలె నిలుచును. వానిని నొక్కినచో ఆకువంటి చదునైన, గోధుమవన్నె పురుగులు జారిపడును. ఇవియే కార్జపు జలగలు.

ఈ పేరు నిజమునకు పొరపాటు పేరు. చెరువునీటిలో కాలిని పట్టి రక్తము త్రాగు జలగ శరీరము వలయములు వలయములుగా ఉండును. అది వానపామునకు చుట్టము. కార్జములోని పురుగునకు వలయములు లేవు. అది చదునుపురుగుల తెగకు చెందినది, బద్దెపురుగునకు బంధువు. అయినను పేరు పెట్టిన కాపరులను తప్పుపట్టనక్కరలేదు. 1758లో ఈ పురుగునకు ఫాసియోలా హెపాటికా అను శాస్త్రీయ నామమునిచ్చిన స్వీడను దేశపు మహాశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ సైతము ఇది మంచినీటిలో కూడ కనిపించునని వ్రాసెను. నీటిలో రాళ్ల క్రింద స్వేచ్ఛగా తిరుగు వేరొక చదునుపురుగును ఆయన దీనినిగా భ్రమించినట్లు తరువాతి వారు గ్రహించిరి.

పేరు ఏదైననేమి, మందు పోసిన చాలదా అని పశువులవాడు అడుగవచ్చును. ఈ పురుగు విషయమున అట్లు చాలదు. అది ఏ జాతిదో తెలిసిననే ఏ నత్తలో పెరుగునో, గడ్డిమీదికి ఎప్పుడు వచ్చునో, ఎన్ని వారములకు పేడలో దాని గ్రుడ్లు కనబడునో తెలియును. లిన్నేయస్ పేరు పెట్టిన నాటినుండి భారతదేశపు మైదానములలోని జలగ ఏ జాతిదో జన్యువుల సాక్ష్యముతో తేలువరకు సరిగా 250 సంవత్సరములు పట్టినది. నడుమ ఎందరో తెలివిగలవారు పొరబడిరి. వారి పొరపాట్లు సైతము తెలిసికొనదగినవే.

పురుగు పుట్టుకను గూర్చి మొదటి ఊహ చేసినది ఒక గొర్రెల కాపరి. 1379లో ఫ్రాన్సు రాజు అయిదవ చార్లెస్ కొరకు జాన్ ద బ్రీ అనునతడు గొర్రెల పెంపకమును గూర్చి ఒక గ్రంథము కూర్చెను. చిత్తడినేలలో మొలచు ఒకానొక మొక్కను తినుటచే గొర్రె కార్జము కుళ్లి, అందు పురుగులు పుట్టునని అందులో చెప్పబడినది. ఆ మొక్క పేరే ఫ్రెంచి భాషలో పురుగునకు కూడ నిలిచిపోయినది. మొక్క నిర్దోషియని మనకిప్పుడు తెలియును. కాని రోగమునకు మూలము చిత్తడినేల గడ్డిలో ఉన్నదన్న కాపరి పరిశీలన అక్షరాల నిజము. ఇటలీ దేశస్థుడు ఫ్రాన్సెస్కో రెడీ 1668లో ఈ పురుగు బొమ్మను వేసి ప్రకటించెను. కుళ్లిన మాంసములో పురుగులు తమంతట తాము పుట్టవనియు, ఈగలు పెట్టిన గ్రుడ్లనుండియే వచ్చుననియు ప్రయోగపూర్వకముగా చూపినవాడు ఈయనయే.

ఆ తరువాత నూరేండ్లకు పైగా నత్తలను కోసి చూచినవారికి వానిలో తోకలు గల సూక్ష్మజీవులు కనబడుచు వచ్చినవి. 1773లో డేనిష్ శాస్త్రజ్ఞుడు ముల్లర్ వానికి సర్కేరియాలని పేరు పెట్టెను. అవి ప్రత్యేక ప్రాణులని అందరును తలచిరి. 1842లో అదే దేశమునకు చెందిన స్టీన్‌స్ట్రప్ ఒక వింత సిద్ధాంతమును ప్రతిపాదించెను: కొన్ని ప్రాణులలో బిడ్డ తల్లిని పోలదు, మనుమడో మునిమనుమడో పోలును. సర్కేరియా అట్టి నడిమి తరములలో ఒకటి కావచ్చునని తోచినది. కాని గొర్రె కార్జములోని పురుగునకు ఏ నత్త ఆశ్రయమిచ్చుచున్నదో ఎవరును ఎరుగరు.

సమాధానమునకు ఒక విపత్తు దారితీసినది. 1879, 1880 సంవత్సరములలో ఇంగ్లండులో వానలు విపరీతముగా కురిసినవి. జలగరోగముచే సుమారు 30 లక్షల గొర్రెలు నశించినవి. ఆ దేశపు రాయల్ వ్యవసాయ సంఘము కొంత ద్రవ్యమిచ్చి ఈ రోగమూలమును కనుగొనుడని కోరగా, ఆక్స్‌ఫర్డులో ఉన్న ఎ.పి. థామస్ అను ఇరువది మూడేండ్ల యువకుడు ఆ భారమును తలకెత్తుకొనెను. రోగము తగిలిన బీళ్లను గాలించి, లిమ్నియా ట్రంకాట్యులా అను చిన్న బురదనత్తలో తాను వెదకుచున్న వానిని పోలిన సర్కేరియాను చూచెను. కాని ప్రయోగము చేయబోవు సమయమునకు ఆ నత్తలు కానరాకపోయినవి. ఎంత వెదకినను చాలినన్ని దొరకలేదు. 1882 వేసవిలో ఏరు పొంగి బీళ్లను ముంచినపుడు అవి మరల విరివిగా కొట్టుకొనివచ్చినవి. వానిని తెచ్చి గాజుపాత్రలలో ఉంచి, జలగ గ్రుడ్లనుండి వెలువడిన డింభకములను విడువగా, ఒకటి తరువాత ఒకటిగా దశలన్నియు ఆయన కన్నుల ముందు నడచినవి. జర్మనీలో లైప్‌జిగ్ నగరమున వృద్ధుడైన ల్యూకార్ట్ ఆచార్యుడు స్వతంత్రముగా ఇదే పని చేయుచు, మొదట వేరొక నత్తను పట్టి, పిదప దానిని విడిచి అదే బురదనత్తను చేరుకొనెను. ఇరువురి ఫలితములును 1881 నుండి 1883 లోపల వెలువడినవి.

వారు చూచినది ఇది. కార్జములోని పురుగు దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. అవి పిత్తముతో ప్రేగులలోనికి, పేడతో నేలమీదికి చేరును. నీరు తగిలి, వెచ్చదనమున్నచో, రెండు మూడు వారములలో గ్రుడ్డు మూత తెరచుకొని మిరసీడియము అను డింభకము వెలువడును. దాని ఆయువు ఒక దినము. ఆ లోపల తగిన నత్తను చేరి చర్మమును తొలుచుకొని లోనికి పోవలెను, లేనిచో చావవలెను. నత్త శరీరములో అది ఒక సంచిగా మారును. ఆ సంచిలో రీడియాలు పుట్టును; వీనికి ఆ పేరు రెడీ గౌరవార్థము పెట్టబడినది. రీడియాల లోపల సర్కేరియాలు పుట్టును. ఒక్క మిరసీడియమునుండి వందలకొలది సర్కేరియాలు తయారగును. అవి నత్తను వీడి నీటిలో ఈది, గడ్డిపోచ దొరకగానే దానిని అంటుకొని, తోకను విడిచి, చుట్టును గట్టి పొర కట్టుకొని కూర్చుండును. చూచుటకు ఆవగింజలో సగము కూడ ఉండదు. దానిని గడ్డితోపాటు పశువు మ్రింగును. అది ప్రేగు గోడను చీల్చి, కడుపు కుహరములో ప్రాకి, కార్జము పైపొరను కొరికి లోనికి ప్రవేశించి, వారములకొలది ఆ మాంసమును తినుచు చివరకు పిత్తనాళమును చేరును. లేత గొర్రె హఠాత్తుగా చచ్చుట ఈ ప్రయాణములోనే. పెద్దపురుగు చేయు హాని నెమ్మదియైనది.

ఈ కథకు దక్కనులో ఒక చుట్టరికము కలదు. ఒక ప్రాణిలో పెద్దది అగు పరాన్నజీవి వేరొక ప్రాణిలో బాల్యము గడపును అన్న భావము ఇట్టి పరిశోధనల వలన బలపడిన పిమ్మటనే, వికారాబాదునకు సుమారు 70 కిలోమీటర్ల దూరమున సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టను కోసి మలేరియా క్రిమిని చూచెను. అది 1897 ఆగస్టు 20వ తేదీ. అక్కడ దోమ ఎట్లో ఇక్కడ నత్త అట్లు. దోమల విషయమున కూడ రాస్‌కు మొదట తగిలినవి తప్పు జాతులే అన్నది జ్ఞాపకముంచుకొనదగినది.

థామస్, ల్యూకార్ట్ ఇరువురును విడిచిపెట్టిన ఒక మెట్టు ఉన్నది. గడ్డికి అంటిన పొరగూడులను పశువునకు తినిపించి, కార్జములో పురుగులు పెరుగునని చూపవలెను గదా! ఆ పని 1892 ప్రాంతమున బ్రెజిలు దేశపు వైద్యుడు అడాల్ఫో లుట్జ్ హవాయి దీవులలో చేసి చూపెను. శాస్త్రలోకము సంతోషించి హెపాటికా కథ పూర్తియైనదని వ్రాసికొన్నది. పలు సంవత్సరముల తరువాత హవాయిలోని జలగలను మరల పరిశీలింపగా అవి హెపాటికా కానేకావని తేలినది. అవి ఫాసియోలా జైగాంటికా అను రెండవ జాతివి. ఒక జాతి జీవితకథకు చివరి అధ్యాయమును వేరొక జాతితో పూరించి, ఆ సంగతి ఎరుగకయే అందరును ఆమోదించిరన్నమాట.

ఈ జైగాంటికాను 1855లో మొదట వర్ణించినవాడు కాబోల్డ్. ఆయనకు అది ఒక జిరాఫీ కార్జములో దొరకినది. హెపాటికా సుమారు 2 నుండి 3 సెంటీమీటర్ల పొడవుండి, తలవైపు కోనుదేలి, దానికి దిగువ భుజములవలె వెడల్పుండును. జైగాంటికా 7 సెంటీమీటర్ల వరకు పెరుగును. భుజములు స్పష్టముగా ఉండవు, ప్రక్కలు దాదాపు సమాంతరముగా సాగును. పుస్తకములోని రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో పొరపడుట కష్టమనిపించును. కార్జమునుండి తీసిన నూరు పురుగులను పళ్లెములో పోసికొని చూచినవానికి మాత్రము ఆ ధైర్యము నిలువదు. లేత జైగాంటికా హెపాటికా అంతయే ఉండును. ఒకే జాతి పురుగు గొర్రెలో ఒక పరిమాణమునకు, బర్రెలో మరొక పరిమాణమునకు పెరుగును. ఒకే కార్జములో మూడు వందల పురుగులు క్రిక్కిరిసినచో అన్నియు పొట్టిగా మిగిలిపోవును. పైగా, రెండు గాజుపలకల నడుమ అదిమినపుడు ఎంత బలముగా అదిమితిమో దానినిబట్టి వెడల్పు మారును!

భారతదేశమున ఈ గందరగోళము విశేషముగా ఉండెను. హిమాలయ సానువులలోని చల్లని ప్రదేశములలో హెపాటికా ఉన్నది, దాని బురదనత్తయు ఉన్నది. మైదానములలోను దక్కనులోను ప్రబలినది పొడుగుపాటి పురుగు. ముక్తేశ్వరములోని పశువైద్య పరిశోధనాలయమున పనిచేసిన జి.డి. భాలేరావు 1935లో భారతదేశపు పెంపుడు జంతువులలోని పురుగులన్నింటిని ఒక గ్రంథమున చేర్చి క్రమపరచెను. హైదరాబాదులో పశువైద్య కళాశాల 1946లో వెలసినది. 1953లో ఎ.కె. వర్మ మన దేశపు జలగ హెపాటికాయు కాదు, ఆఫ్రికా జైగాంటికాయు కాదు, మూడవదని వాదించి దానికి ఫాసియోలా ఇండికా అను కొత్త పేరు పెట్టెను. ఆయన వాదమునకు ఆధారము పురుగుల ఆకారము, కొలతలు. అది అవివేకపు వాదము కాదు. నాడు ఎవరికైనను చేతనున్న సాధనము కొలబద్దయే. కాని పాఠ్యపుస్తకములు రెండుగా చీలినవి. ఒక పుస్తకములో ఇండికా, మరొక దానిలో జైగాంటికా. విద్యార్థి ఏది వ్రాసినను ఎవరో ఒకరు సున్న వేయు స్థితి!

ఆకారము చెప్పలేనిది జన్యువులు చెప్పగలవన్న ఆశ 20వ శతాబ్దపు చివరి పాదములో కలిగినది. ప్రతి జీవకణములోను డి.ఎన్.ఏ. అను పొడవైన దారము కలదు. అందలి సమాచారము నాలుగే అక్షరములతో వ్రాయబడినది. 1977లో ఫ్రెడరిక్ సాంగర్ ఆ అక్షరముల వరుసను చదువు సులభమైన పద్ధతిని కనిపెట్టెను. 1983లో కారీ మల్లిస్ పి.సి.ఆర్. అను ప్రక్రియను రూపొందించెను. దీనిచే దారములో మనకు కావలసిన చిన్న తునకను మాత్రమే ఏరి, రెండు మూడు గంటలలో కోట్ల నకళ్లుగా పెంచవచ్చును. జలగ నుండి ఆవగింజంత ముక్క కోసిన చాలును. అది లేత పురుగైనను, అదిమి చెడగొట్టినదైనను, డి.ఎన్.ఏ.లోని వరుస మారదు. ఒక్క జాగ్రత్త మాత్రము అవసరము. కళాశాలల ప్రదర్శనశాలలలో ఫార్మలిన్ సీసాలలో ఏండ్లతరబడి తేలుచున్న జలగలు చూచుటకు అందముగా ఉండునుగాని, ఈ పనికి చాల వరకు పనికిరావు. ఫార్మలిన్ డి.ఎన్.ఏ.ను తునియలు చేయును. పురుగును గాఢమైన ఆల్కహాలులో వేసినచో అది చెక్కుచెదరకుండును.

అంత పొడవైన దారములో ఏ తునకను చదువవలెను? కణములో ప్రోటీనులు తయారగు చోట్లను రైబోసోములందురు. వానిని నిర్మించు జన్యువులు చాల ముఖ్యమైనవి గనుక లక్షలయేండ్లు గడచినను పెద్దగా మారవు. కాని ఆ జన్యువుల నడుమ ఖాళీస్థలములవంటి తునకలు కొన్ని ఉన్నవి. వానిలో మార్పు జరిగినను ప్రాణికి హాని లేదు. కనుక జాతులు విడిపోయిన పిదప ఆ ఖాళీలలో అక్షరములు కొద్దికొద్దిగా మారుచుండును. 1993లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కొందరు వేర్వేరు దేశముల జలగలలో ఇట్టి తునకను చదివి పోల్చిరి. రెండు జాతుల మధ్య తేడా కొద్ది అక్షరములే. కాని ఆ కొద్దియు నిలుకడగా ఉన్నది. ఇటువంటి మరొక తునకలో సుమారు 430 అక్షరములకు గాను అయిదు చోట్ల మాత్రమే తేడా కనబడును. అంత స్వల్పమైన తేడాను నమ్మవచ్చునా అన్న శంక కలుగవచ్చును. ఏ దేశమునుండి, ఏ పశువునుండి తెచ్చిన పురుగులోనైనను అదే అయిదు చోట్ల అదే తేడా వచ్చుచుండినచో, అది కొలబద్ద చూపు తేడాకంటె గట్టిది.

2002లో స్పెయిన్ దేశస్థులు దీనిని మరింత తేలిక చేసిరి. కొన్ని ఎంజైములు ఒక నిర్ణీతమైన అక్షరముల వరుస కనబడిన చోట డి.ఎన్.ఏ.ను కత్తెరవలె త్రుంచును. హెపాటికాలో ఆ వరుస ఉండి జైగాంటికాలో లేనిచోటును ఎన్నుకొనినచో, ఒకదాని తునక తెగును, రెండవదాని తునక తెగదు. లేదా వేర్వేరు పొడవుల ముక్కలగును. జిగురుపలకలో విద్యుత్తు పారించి ముక్కల పొడవులను చూచిన చాలును. అక్షరములు చదువు ఖరీదైన యంత్రము లేని ప్రయోగశాలలో సైతము ఈ పని సాగును.

ఇంతలో జపాను నుండి ఒక చిక్కు వచ్చిపడినది. అచ్చటి పశువులలోని జలగలు కొన్ని హెపాటికాను, కొన్ని జైగాంటికాను, కొన్ని రెంటి నడుమను పోలియుండును. వానిలో పెక్కింటికి వీర్యకణములే లేవు. అయినను అవి గ్రుడ్లు పెట్టును, పిల్లలు పుట్టును. క్రోమోసోములను లెక్కింపగా 20 ఉండవలసినచోట కొన్నిటిలో 30 ఉన్నట్లు తేలెను. ఇవి ఎప్పుడో రెండు జాతులు కలియుటచే పుట్టిన సంకరములని జన్యుపరీక్షలు చూపినవి. ఇచ్చట ఒక మెళకువ కలదు. కణకేంద్రకములోని డి.ఎన్.ఏ. తల్లిదండ్రులిరువురి నుండి వచ్చును. మైటోకాండ్రియాలోనిది తల్లినుండి మాత్రమే వచ్చును. రెండవదానిని మాత్రమే చదివినచో సంకరమును తల్లి జాతిగా పొరబడుదుము. రెంటిని చదివిననే గుట్టు బయటపడును. ఆ సంకరములు కొరియా, చైనా, వియత్నాములలో కూడ ఉన్నవి.

కనుక భారతదేశపు జలగను గూర్చి ప్రశ్న మూడు విధములుగా మారినది. అది జైగాంటికాయా, వర్మ చెప్పిన ఇండికాయా, లేక సంకరమా? షిల్లాంగులోని ఈశాన్య పర్వత విశ్వవిద్యాలయమున వీణా టండన్ బృందము ఈశాన్య భారతమునందలి పశువుల నుండి జలగలను సేకరించి, పైన చెప్పిన రైబోసోము నడిమి తునకలను చదివి 2008లో ఫలితమును ప్రకటించెను. ఆ వరుసలు జైగాంటికాతో సరిపోయినవి. వేరొక జాతి అవసరము లేదు. 2015లో భారతీయ, జపాను పరిశోధకులు తూర్పు భారతపు జలగలను కేంద్రక, మైటోకాండ్రియా జన్యువులు రెంటితోను పరీక్షించిరి. ఎక్కువ భాగము జైగాంటికాయే; వీర్యరహితమైన సంకరములు కొన్ని వానితో కలిసియుండెను. అదే సంవత్సరము హెపాటికా జన్యురాశి మొత్తము చదువబడినది. దాని పొడవు సుమారు 130 కోట్ల అక్షరములు, అనగా మానవుని దానిలో ఇంచుమించు సగము. ఒక పురుగునకు ఇంత గ్రంథమెందుకని ఆశ్చర్యము కలుగును. అందులో అధికభాగము మరల మరల వచ్చు పునరుక్తులే.

ఇట్టి పరీక్ష తెలుగునాట కొత్త విద్య కాదు. హైదరాబాదులో 1977లో ఆరంభమైన సి.సి.ఎం.బి. అను కణ, అణుజీవశాస్త్ర పరిశోధనా కేంద్రమున లాల్జీ సింగ్, ఎస్.కె. వర్మ మైటోకాండ్రియాలోని ఒకే తునకనుబట్టి ఏ వెన్నెముకగల జంతువునైనను గుర్తించు పద్ధతిని రూపొందించి 2003లో ప్రకటించిరి. వన్యమృగ మాంసమును మేకమాంసమని చెప్పి తప్పించుకొనజూచువారిని పట్టుటకు అది పనికివచ్చినది. కూరగా వండినను మాంసపు జాతి దాగదు. జలగకు చేయునదియు మూలమున అదే పని. చదువు తునక మాత్రమే వేరు.

తాండూరు చెరువు గట్టున మేయు గొర్రెకు ఈ పేరు మార్పువలన ఒరిగినదేమి? ఒరిగినది ముఖ్యముగా నత్త విషయమున. హెపాటికాకు ఆశ్రయమిచ్చు బురదనత్త నీటిలోకంటె తడిబురదమీద ఎక్కువగా బ్రతుకును. అందుచే ఇంగ్లండులో చిత్తడిబీళ్లలో కాలువలు త్రవ్వి నీటిని తోడివేసినచో రోగము తగ్గినది. మన పాత వ్యవసాయ పుస్తకములలో కొన్ని అదే సలహాను యథాతథముగా దించుకొన్నవి. జైగాంటికాను మోయు లిమ్నియా నత్తలు అట్టివి కావు. అవి నిలువనీటి నత్తలు. చెరువులు, కుంటలు, మెల్లగా పారు కాలువలు, నీటిమొక్కలు దట్టముగానున్న చోట్లు వాని నివాసములు. చెరువును ఆరబెట్టుమని దక్కను రైతుకు చెప్పువాడు సలహాదారు కాడు. చెరువే ఇక్కడ ప్రాణాధారము. తాండూరు ప్రాంతమున నాపరాయి తీసి విడిచిన గుంతలలో నీరు నిలిచినచోట్లను సైతము ఇట్టి నత్తల కొరకు పరికించి చూడవలసియుండును.

జైగాంటికా సర్కేరియా నీటిలోపలి ఆకులకును, నీటి అంచు గడ్డికిని అంటుకొనును. వానకాలమున నత్తలు వృద్ధిపొందును. కార్తీకము మొదలు వేసవి వరకు నీరు వెనుకకు జరుగుచుండగా, నిన్నటివరకు మునిగియున్న గడ్డి నేడు మందకు అందును, దానిమీది పొరగూళ్లతో సహా. ఎండి గలగలలాడు గడ్డికంటె ఈ పచ్చిగడ్డియే అపాయకరము. ఆ నెలలలో మందను నీటి అంచునకు పోనీయక ఎగువ గడ్డిమీద మేపుట, తొట్టిలో తోడిన నీరు పట్టుట చెరువును చెరుపకుండ చేయదగిన పనులు. ఇండొనీషియాలో వరిపొలముల వద్ద బాతులను పెంచి ఒక చమత్కారమును సాధించిరి. బాతు రెట్టలోనుండి వచ్చు వేరొక చదునుపురుగు డింభకములు నత్తలో ప్రవేశించి, అక్కడ పెరుగుచున్న జలగ డింభకములను తినివేయును. ముల్లును ముల్లుతో తీసినట్లయినది.

మందు వేయు కాలము కూడ జాతినిబట్టి మారును. హెపాటికా పశువు శరీరమున చేరిన 10 నుండి 12 వారములకు గ్రుడ్లు పెట్టనారంభించును. జైగాంటికాకు 13 నుండి 16 వారములు పట్టును. అంతవరకు పేడను సూక్ష్మదర్శినితో ఎంత చూచినను గ్రుడ్లుండవు, పురుగు మాత్రము కార్జమును తినుచునే యుండును. పేడలో గ్రుడ్లు లేవని చెప్పిన చీటీని చూచి నిశ్చింతపడిన మంద రెండు నెలలలో దెబ్బతినుటకు కారణమిదే. 1920 తరువాత వాడుకలోనికి వచ్చిన కార్బన్ టెట్రాక్లోరైడు పెద్దపురుగును చంపెడిదిగాని కొన్నిమార్లు పశువును కూడ చంపెడిది. తరువాత వచ్చిన ఆక్సిక్లోజనైడు పశువునకు క్షేమకరమైనదేగాని అదియు పిత్తనాళములు చేరిన పెద్దపురుగులనే చంపును. 1980 తరువాత వచ్చిన ట్రైక్లాబెండజోలు లేతపురుగులను సైతము చంపునది. కాని 1995లోనే ఆస్ట్రేలియా గొర్రెలలో దానికి లొంగని హెపాటికాలు కనబడినవి. లొంగని పురుగు జన్యువులలో మారినదేమో పట్టుకొనుట ఇప్పటి పరిశోధనలలో ఒక ప్రధానాంశము.

పేడలోని గ్రుడ్లనుండియు, నీటి అంచున ఏరిన నత్తలనుండియు డి.ఎన్.ఏ.ను తీసి పరీక్షించు పద్ధతులు కూడ వచ్చినవి. నత్తను పగులగొట్టి సూక్ష్మదర్శిని క్రింద చూచినపుడు జలగ రీడియాలు, బాతుపురుగు రీడియాలు, పశువుల పొట్టలో నివసించు ఇంకొక పురుగు రీడియాలు ఒకదానినొకటి పోలియుండి పరిశీలకుని తికమకపెట్టును. పి.సి.ఆర్. ఆ తికమకను తీర్చును. అంతేగాక, అదే గొట్టములోని నత్త డి.ఎన్.ఏ.ను చదివి నత్త జాతిని సైతము తేల్చవచ్చును. మన దేశపు పుస్తకములలో జైగాంటికాను మోయు నత్తకు ఒకచోట ఆరిక్యులేరియా అనియు, ఒకచోట ఎక్యుమినేటా అనియు, మరొకచోట రూఫెసెన్స్ అనియు పేర్లున్నవి. వానిని విడదీసినది గుల్ల ఆకారమునుబట్టి. ఆ గుల్ల చెరువు చెరువునకు మారును.